పాత హైలక్స్ ముందు యాక్సిల్‌కి నకిల్ కిట్ వేశాను: సీళ్లు భేష్, బేరింగులు మాత్రం విడిగా కొనుక్కోండి

టొయోటా హైలక్స్, ల్యాండ్ క్రూజర్ లాంటి పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్ల ముందు యాక్సిల్ విప్పి బిగించడానికి కావలసిన సీళ్లు, బేరింగులు, గాస్కెట్లు అన్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతారు. నకిల్ రీబిల్డ్ కిట్ అంటారు దాన్ని. నకిల్ అంటే చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం. నేను తీసుకున్నది కంపెనీ ఒరిజినల్ కాదు, బయటి తయారీ. రెండు చక్రాలకూ సరిపడా సరుకు వస్తుంది. ఇంట్లోనే సొంతంగా వేసుకున్నాను. వేసి చాలాకాలమే అయింది, ఈ మధ్యలో బండి వానలో, బురదలో, చక్రాల సగం మునిగే నీళ్లలో కూడా తిరిగింది కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది. ముందే చెప్పేస్తాను. ఈ కిట్‌లో రబ్బరు సరుకు, ఫెల్టు (ఒత్తైన ఉన్ని పట్టీ), గాస్కెట్లు చాలా బాగున్నాయి, ధైర్యంగా వేసుకోవచ్చు. బేరింగుల సంగతే వేరు, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

హైలక్స్‌లో ఫోర్‌వీల్ డ్రైవ్ 1979లో వచ్చింది. అప్పుడు ముందువైపు కూడా గట్టి యాక్సిలే (రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం), కింద ఆకు స్ప్రింగులు. అమెరికాకి వెళ్లిన బళ్లలో 1986 మోడల్ నుంచి ముందు చక్రాలు వేటికవే కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చేసింది కానీ చాలా దేశాల్లో ఈ గట్టి యాక్సిల్ రకం 1990ల దాకా కొనసాగింది. ల్యాండ్ క్రూజర్ 40, 60, 70, 80 సిరీస్‌లలో కూడా పద్ధతి ఇదే. సుజుకి సమురాయ్, జిప్సీ వాళ్లకీ దాదాపు ఇదే తంతు, విడిభాగాలు మాత్రం ఒకదానివి ఒకదానికి పట్టవు.

కిట్ ఎందుకు కావాలో అర్థం కావాలంటే అసలు అక్కడ ఏం జరుగుతుందో తెలియాలి. యాక్సిల్ గొట్టం చివర గుండ్రటి బంతి ఉంటుంది. దాని మీద నకిల్ పైనొక బేరింగ్, కిందొక బేరింగ్ ఆధారంగా అటూ ఇటూ తిరుగుతుంది. బంతి లోపల చక్రం మలుపు తిరిగినా శక్తి అందించే బర్‌ఫీల్డ్ జాయింట్ ఉంటుంది, ఆరు ఉక్కు గుళ్లతో. ఆ జాయింట్ మాలీ గ్రీజులో, అంటే మాలిబ్డినం కలిపిన గ్రీజులో, మునిగి ఉండాలి. దానికి ఇటుపక్క యాక్సిల్ గొట్టంలో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె) గేర్ ఆయిల్ ఉంటుంది. ఈ ఆయిలుకీ ఆ గ్రీజుకీ మధ్య అడ్డుగా నిలిచేది ఒకే ఒక్క చిన్న సీలు. అది అరిగిపోతే గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కరిగించి, అంతా కలిసి నల్లటి జావలా తయారవుతుంది. ఆ జావ బంతి చుట్టూ ఉండే ఫెల్టు దాటి బయటకి కారుతుంది. అశ్రద్ధ చేస్తే బ్రేకు ప్యాడ్ల దాకా వెళ్తుంది. ఇంకోపక్క డిఫరెన్షియల్‌లో ఆయిల్ మట్టం తగ్గిపోతూ ఉంటుంది, అది ఎవరూ గమనించరు.

బయట కాస్త జిడ్డు కనిపించగానే అంతా పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు. బంతి మీద పల్చటి గ్రీజు పూత ఉండటం మంచిదే, తుప్పు పట్టదు. చూడాల్సింది ఏమిటంటే అది చిక్కగా ఉందా, పల్చగా నూనెలా జారుతోందా అన్నది. నకిల్ పైన ఒక ప్లగ్గు ఉంటుంది, అది విప్పి లోపల పుల్ల పెట్టి చూస్తే తెలిసిపోతుంది. గ్రీజు అంటుకుంటే సరే. పుల్ల నుంచి బొట్లు బొట్లుగా కారి, గేర్ ఆయిల్ కంపు కొడితే సీలు పోయినట్టే. తెల్లగా పాలలా ఉంటే నీళ్లు దూరాయి, వెంటనే విప్పాలి. చక్రాన్ని పూర్తిగా తిప్పి పోనిస్తే టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం అది బర్‌ఫీల్డ్ జాయింట్ అరుగుదల, ఈ కిట్ దాన్ని బాగుచేయదు, జాయింట్లు ఇందులో రావు కూడా. ఇది తెలియక కిట్ వేసి, చప్పుడు పోలేదని తిట్టుకునే వాళ్లు ఉన్నారు.

ఇక డబ్బా విషయానికి వస్తే, సరుకంతా ఒక్కో వైపుకి ఒక్కో సంచిగా కాకుండా కలగాపులగంగా పెట్టారు. అది నాకు నచ్చలేదు. అయినా వస్తువులు లెక్కకి సరిగ్గానే ఉన్నాయి. లోపలి యాక్సిల్ సీళ్లు రెండు, చక్రం బిగించే హబ్ వెనక పట్టే గ్రీజు సీళ్లు రెండు, బంతిని తుడిచే ఫెల్టు, రబ్బరు, ఉక్కు రింగుల సెట్లు రెండు, నకిల్ బేరింగులు వాటి రేసులతో (రోలర్లు ఆనుకునే ఉక్కు రింగులతో) నాలుగు, స్పిండిల్ గాస్కెట్లు, ఫ్రీవీల్ హబ్ గాస్కెట్లు, హబ్ నట్ల మధ్య మడిచే లాక్ వాషర్లు.

లోపలి యాక్సిల్ సీలు చేత్తో పట్టుకోగానే నమ్మకం కలిగింది. షాఫ్టుని ఒరుసుకునే పెదవి మెత్తగా ఉంది, వేలితో వంచి వదిలితే వెంటనే తన చోటికి వచ్చేస్తోంది, వెనక స్ప్రింగు చుట్టూ సమంగా కూర్చుంది, బయటి అంచు మీద రబ్బరు పూత ఉండటంతో హౌసింగ్ గోడకి చిన్నచిన్న గీతలున్నా పట్టేస్తుంది. పాత బళ్లలో ఆ గోడ నున్నగా ఎక్కడుంటుంది, ఎన్నిసార్లు ఎవరెవరు స్క్రూడ్రైవరు పెట్టి పెకిలించారో! అందుకే ఉత్త ఇనుప అంచు ఉన్న సీలు కంటే ఈ రకం నాకు ఇష్టం. ఫెల్టు కూడా దళసరిగా, గట్టిగా నేసినట్టు ఉంది. వేసే ముందు దాన్ని ఆయిల్‌లో నానబెట్టాను, పొడి ఫెల్టు బంతి మీద రాసుకుంటే త్వరగా అరిగిపోతుంది. గాస్కెట్ల బోల్టు రంధ్రాలు ఎక్కడా కోయాల్సిన పని లేకుండా సరిగ్గా కూర్చున్నాయి. లాక్ వాషర్లు పర్లేదు, ఒకసారి మడిచాక మళ్లీ వాడకండి.

ఇప్పుడు బేరింగులు. పెట్టె మీద గానీ, రేసు మీద గానీ తయారీదారు పేరు లేదు, నంబరు లేదు. అది చూడగానే అనుమానం వచ్చింది. నా బండిలో నుంచి తీసిన పాత బేరింగుల మీద కోయో అని జపాన్ బేరింగుల కంపెనీ పేరు స్పష్టంగా చెక్కి ఉంది, అన్నేళ్లు లాగినవి అవి. కిట్ బేరింగులని కడిగి, పల్చగా నూనె రాసి, వేలి మీద పెట్టి నెమ్మదిగా తిప్పి చూశాను. నాలుగింటిలో ఒకటి ఒకచోట గరుకుగా ఆగి ఆగి తిరుగుతోంది. రెండోసారి కడిగినా అదే వరస, కాబట్టి అది దుమ్ము కాదు. మిగతా మూడూ నున్నగానే తిరిగాయి కానీ రోలర్లని పట్టి ఉంచే రేకు పల్చగా ఉంది, వేలితో నొక్కితే వంగుతోంది. నేనైతే నాలుగూ పక్కన పెట్టేసి పేరున్న కంపెనీవి తెప్పించుకుని వేశాను.

ఇది అతి జాగ్రత్త అనుకోకండి. నకిల్ బేరింగ్ చక్రం బేరింగులా గుండ్రంగా తిరగదు. స్టీరింగ్ తిప్పినప్పుడు కొంచెం అటూ కొంచెం ఇటూ కదులుతుంది, మిగతా సమయమంతా బండి నేరుగా పోతుంటే రోలర్లు ఒకే చోట నిలబడి గుంతల దెబ్బలన్నీ కాస్తాయి. దాంతో రేసు మీద రోలరు రోలరుకీ ఒక గాడి పడుతుంది. నా పాత రేసుని వెలుతురులో పెట్టి చూస్తే ఆ గీతలు వరసగా కనిపించాయి, గోరు పెట్టి జరిపితే ఒక్కో గీత దగ్గరా గోరు టక్కున ఆగేది. ఇలాంటి రేసుతో నడిపితే స్టీరింగ్ సరిగ్గా మధ్యలో ఒక పట్టు పట్టినట్టు ఉంటుంది, కాస్త వేగం మీద గుంతలో పడగానే ముందు చక్రాలు గజగజ ఊగడం మొదలవుతుంది. ఆ ఊపు అనుభవించిన వాళ్లకి తెలుసు, ఎంత టెన్షన్ పెడుతుందో. ఇంత బరువు మోసే చోట పేరూ ఊరూ లేని ఉక్కు పెట్టడం నాకు ఇష్టం లేదు.

డబ్బాలో లేనివి కూడా చెప్పాలి. అమర్చే విధానం రాసిన కాగితం లేదు. ఫెల్టు, రబ్బరు, ఉక్కు రింగు ఏ వరసలో పోవాలో, ఏ పక్క బయటికి రావాలో ఒక చిన్న బొమ్మ వేసి ఇచ్చినా చాలేది. కాబట్టి విప్పేటప్పుడే పాత వరసని ఫోన్‌లో ఫొటో తీసుకోండి, వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. ఈ రింగులు నకిల్ తీసేసి ఉన్నప్పుడే బంతి మీదికి ఎక్కుతాయి, అంతా బిగించాక గుర్తొస్తే మళ్లీ మొదటి నుంచి విప్పాల్సిందే. షిమ్ములు, అంటే సందు సరిచేసే రేకులు, కూడా లేవు. నకిల్ బేరింగుల బిగువు పైనా కిందా ఉండే ఆ పల్చటి షిమ్ముల మీదే ఆధారపడుతుంది, అవి ఎక్కడివి అక్కడే పోవాలి, కుడి పైది, కుడి కిందిది, ఎడమ పైది, ఎడమ కిందిది అని రాసి వేర్వేరు కవర్లలో పెట్టుకోండి. చక్రానికి శక్తి తెచ్చే షాఫ్టు చివర పట్టే స్నాప్ రింగు కూడా రాదు, అది విడిగా కొత్తది తెచ్చుకోండి.

పనిముట్ల దగ్గర ఖర్చుకి వెనకాడొద్దనే చెప్తాను. హబ్ నట్టుకి 54 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి. చాలామంది ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పుతారు, పాత నట్ల మీద ఆ గాట్లు కనిపిస్తూనే ఉంటాయి. అలా చేస్తే బిగువు ఎంతో తెలియదు, ఉక్కు రజను బేరింగులో పడుతుంది. రెండోది, మంచి ఇత్తడి కడ్డీ. హబ్ దగ్గరా, స్టీరింగ్ ఆర్మ్ దగ్గరా కోన్ వాషర్లు బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని పట్టుకారుతో లాగితే రావు. నట్టు పూర్తిగా తీయకుండా మర చివరి దాకా వదులు చేసి వదిలి, పక్కన ఉన్న ఫ్లాంజ్ మీద ఇత్తడితో గట్టిగా కొడితే కోన్లు వాటంతట అవే టప్పున పైకి లేస్తాయి. నట్టు మీద ఉండటం వల్ల స్టడ్డు మరలు దెబ్బతినవు. షాఫ్టు బయటికి రాకపోతే దాని చివర ఉండే మరలో 8 మిల్లీమీటర్ల బోల్టు బిగించి లాగండి. బండిని జాకీ మీద వదిలేసి మాత్రం ఎవరూ పని చేయకండి, యాక్సిల్ కింద స్టాండ్లు, వెనక చక్రాలకి దిమ్మలు తప్పనిసరి. బ్రేకు కాలిపర్‌ని గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో ఛాసిస్‌కి కట్టండి. పాత బ్రేకు సరుకులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్ముని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

పనిలో ఎక్కువ సమయం పట్టేది కడగడం. నల్ల జావ అంతా డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, మళ్లీ కడిగి, బంతి మీద తుప్పు చుక్కలని సన్న ఎమరీ పేపర్‌తో పోగొట్టే దాకా ఓపిక పట్టాలి. ఇక్కడ తొందరపడితే ఎంత మంచి ఫెల్టయినా ఆ గరుకు మీద రాసుకుని చిరిగిపోతుంది. కొత్త రేసు దించేటప్పుడు చెవి పెట్టి వినండి. దిగుతున్నంత సేపూ ఒక రకం చప్పుడు, పూర్తిగా అడుగుకి కూర్చోగానే సుత్తి దెబ్బ చప్పుడు మారిపోయి ఖంగుమంటుంది. అది వినే దాకా ఆపకండి, విన్నాక ఇంకా కొట్టకండి.

నకిల్ బిగించాక, రెండు చక్రాలనీ కలిపి తిప్పే టై రాడ్ కలపకముందే, బయటి సీళ్లు బిగించకముందే, స్టీరింగ్ ఆర్మ్ చివరి రంధ్రానికి స్ప్రింగు కాటా తగిలించి నెమ్మదిగా లాగి చూడాలి. నా బండి మాన్యువల్ అడిగేది 3 నుంచి 6 కిలోల మధ్య. పాత షిమ్ములతోనే కొత్త బేరింగులు ఆ కొలత లోపలే వచ్చాయి. తక్కువ వస్తే షిమ్ము తగ్గించాలి, ఎక్కువ వస్తే పెంచాలి. చేత్తో ఊపి చూసి బాగానే ఉందనుకుని వదిలేసే పని కాదిది.

షాఫ్టు లోపలికి పెట్టేటప్పుడు జాయింట్ అంచు మీద ఉండే చదును భాగం పైకి వచ్చేలా తిప్పుకోవాలి, లేకపోతే బంతి లోపలికి దూరదు. ఇక్కడే కొత్త సీలు పాడయ్యే ప్రమాదం ఉంది. షాఫ్టు బరువంతా ఆ మెత్తటి పెదవి మీద పడకుండా ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, సీలు పెదవికి ముందే గ్రీజు రాసి, డిఫరెన్షియల్ లోపలి పళ్లలో పడే దాకా మెల్లగా తిప్పుతూ తోయాలి. షాఫ్టు బరువైనదే, రెండో మనిషి ఉంటే మంచిది.

కొత్త సీలు వేసినా మళ్లీ కారిందని ఎవరైనా చెప్తే నేను మొదట అడిగే ప్రశ్నలు రెండు. సీలు రాసుకునే చోట షాఫ్టు మీద గాడి పడిందా? ఏళ్ల తరబడి అదే చోట రాసుకుని షాఫ్టు కూడా అరుగుతుంది, గోటికి తగిలేంత గాడి ఉంటే ఏ కంపెనీ సీలు వేసినా ఆగదు, షాఫ్టు మీదికి పల్చటి ఉక్కు తొడుగు ఎక్కించాలి లేదా షాఫ్టు మార్చాలి. రెండోది, యాక్సిల్ మీద గాలి పోవడానికి ఉండే బ్రీదర్ తెరుచుకుని ఉందా? డిఫరెన్షియల్ వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది, బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడంతా సీలు మీద పడి ఆయిల్ నకిల్‌లోకి నెట్టుకొస్తుంది. వేడి యాక్సిల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే ఉల్టాగా నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. అందుకని బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో ఎత్తుగా కట్టాను. ఈ రెండూ చూడకుండా కిట్‌కి ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి తిట్టడం అన్యాయం.

గ్రీజు విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నకిల్ లోపలికి మాలిబ్డినం కలిపిన లిథియం గ్రీజు, రెండో నంబరు చిక్కదనం, ముప్పాతిక వంతు దాకా నింపాను. బర్‌ఫీల్డ్ గుళ్ల మధ్యకి చేత్తో నొక్కి నొక్కి ఎక్కించాలి, బయట పూస్తే లాభం లేదు. చక్రం బేరింగులకి మామూలు వీల్ బేరింగ్ గ్రీజు. పాత గ్రీజు రకం తెలియకపోతే పూర్తిగా కడిగేసి వేయండి, పాలీయూరియా గ్రీజు, లిథియం గ్రీజు కలిస్తే కొన్నిసార్లు పల్చబడి కారిపోతాయి. హబ్ లోపలి నట్టుని మొదట 59 న్యూటన్ మీటర్లకి బిగించి, హబ్‌ని రెండు పక్కలకీ బాగా తిప్పి బేరింగులు కుదురుకున్నాక వదులు చేసి, మళ్లీ మాన్యువల్ చెప్పిన బిగువుకి తెచ్చుకోవాలి.

ఫలితం? స్టీరింగ్ మధ్యలో పట్టే ఆ పట్టు పూర్తిగా పోయింది, వదిలితే తనంతట తానే మధ్యకి వస్తోంది. గుంతలో పడ్డప్పుడు చక్రాల ఊపు లేదు. ఈ ఘనత కొత్త బేరింగులది, కిట్‌ది కాదు. కిట్‌ది అనదగ్గ ఘనత ఏమిటంటే నకిళ్లు పొడిగా ఉన్నాయి. మొదట్లో ఫెల్టు నుంచి పిండుకున్న నూనె కొంచెం కనిపించింది, తుడిచేశాక మళ్లీ రాలేదు. నీళ్లలో తిప్పాక పై ప్లగ్గు విప్పి పుల్ల పెట్టి చూస్తే గ్రీజు నల్లగా, చిక్కగా, వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. డిఫరెన్షియల్ ఆయిల్ మట్టం తగ్గలేదు. సీళ్ల నుంచి ఇంతకన్నా ఏం కావాలి.

కొనాలా అంటే కొనండి, ముఖ్యంగా బండి అటకెక్కకుండా ఒకేసారి పని పూర్తిచేయాలనుకునే వాళ్లు. సీళ్లు ఒకచోట, గాస్కెట్లు ఒకచోట వెతుక్కుంటూ తిరిగితే విప్పిన యాక్సిల్ వారాలు వారాలు స్టాండ్ల మీదే ఉండిపోతుంది, ఆ లోపు తుడిచిన బంతికి మళ్లీ తుప్పు పడుతుంది. బేరింగులు లేని కిట్ దొరికితే ఇంకా మేలు, ఆ డబ్బు మంచి బేరింగులకి పెట్టుకోవచ్చు. ఆర్డరు పెట్టే ముందు బండి ప్లేటు మీద మోడల్ కోడ్ చూసి రాసుకోండి, బయట ఒకేలా కనిపించే బళ్లలో కూడా హబ్ సీళ్లు తేడా వస్తాయి. డబ్బా చేతికి రాగానే బండి విప్పకముందే సీళ్ల మీద కొలతలు, రింగుల లెక్క సరిచూసుకోండి, స్నాప్ రింగులు, బేరింగులు, మాలీ గ్రీజు కూడా అప్పటికే పక్కన ఉండాలి.